చదువులో తోడు

(అంకులి తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పచ్చడి తిన్నాము, పంచాంగం విన్నాము. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో శాస్త్రులుగారు చెప్పారు. మన కాలేజీ పిల్లల ఆదాయవ్యయాలు మాత్రం పంచాంగంలో ఉండవు, మార్కుల పట్టీలో ఉంటాయి. ఆ పట్టీని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

మన విద్యార్థి బృందానికి ఐకమత్యంలో లోటు లేదు. నాటకానికి తెర కట్టాలన్నా, ఒకరింట్లో జబ్బు చేసినా పదిమందీ పరుగెత్తుకు వస్తారు. కాని పరీక్షా ఫలితాలు వచ్చిననాడు తప్పినవాడు ఒంటరివాడవుతున్నాడు. నెగ్గినవానికి పూలదండ, తప్పినవాడు సభకే రాడు. మళ్ళీ ఫీజు కట్టే ధైర్యం లేక ఏ దుకాణంలోనో కూర్చుంటాడు. ఆ పిల్లవాణ్ణి పోగొట్టుకున్నది వాళ్ళ ఇంటివారే కాదు, మనమందరమూను.

వీరికి తెలివి తక్కువా? కాదు. ఇంట తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. మూడు గుమ్మాలు దాటాలి. ఇంట్లో చెప్పేవారు లేనివాడు మూడో గుమ్మం దగ్గర ఆగిపోతాడు. అక్కడ చేయి పట్టుకోవలసినవాడు పై తరగతి అన్నగారే.

మన ప్రాంతం చదువుకు కొత్తది కాదు. బరంపురంలో 1894లో పుట్టి, కళ్ళికోట కాలేజీలో చదివిన వరాహగిరి వెంకటగిరిగారు 1969లో రాష్ట్రపతి అయినారు. రైల్వే కార్మికుల నాయకులు గనుక ఆయన మావంటివారికి మరీ దగ్గర. గిడుగు రామమూర్తి పంతులుగారు అప్పటి గంజాం జిల్లా పర్లాకిమిడిలో 1880లో బడిపంతులుగా చేరి, పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. నెగ్గారు. మెట్రిక్యులేషన్‌తో ఉద్యోగంలో చేరిన మాకు ఆ కథ కొండంత ధైర్యం. కాని అంతటి పట్టుదల అందరికీ ఉండదు. తక్కినవారికి తోడు కావాలి.

అమెరికాలో 1776లో కొందరు కాలేజీ విద్యార్థులు ఫై బీటా కప్పా అనే మిత్రసంఘం పెట్టుకున్నారు. చర్చల కోసం పుట్టిన ఆ సంఘంలో సభ్యత్వం నేడు మంచి చదువుకు గుర్తు. స్నేహం చదువుకు అడ్డమనే పెద్దలు ఇది గమనించాలి.

కనుక మూడు పనులు కోరుతున్నాము. వారానికి రెండు సాయంకాలాలు మన సంఘం గదిలో క్యారమ్ బల్ల గోడకు చేర్చి, పుస్తకాలు తెరవాలి. ప్రతి కొత్త విద్యార్థికీ, విద్యార్థినికీ ఒక అన్ననో అక్కనో అప్పగించి, ఆ పేర్లు రిజిస్టరులో రాయాలి. పండుగ దీపాల ఖర్చులో కొంత తగ్గించి, తప్పినవారి పరీక్ష ఫీజుకు ఉంచాలి. వచ్చే ఉగాదికి మొదటి మార్కుల వారితోపాటు, తప్పి మళ్ళీ నెగ్గినవారికీ, వారికి చదువు చెప్పినవారికీ ఒకే వేదికపై బహుమతి ఇవ్వాలి.

మా రైల్వేలో ఇంజను స్టేషను చేరగానే బండి వచ్చినట్లు రాసుకోరు. చివరి పెట్టె వెనుక ఎల్.వి. గుర్తు కంటితో చూచిన తరువాతనే బండి పూర్తిగా వచ్చినట్లు లెక్క. మన బృందం లెక్క గూడా అట్లే ఉండాలని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాము.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.