పాత ఇనుముకు పోవలసిన బుల్లెట్టు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం బకాయిల గురించో, వైద్య ఖర్చుల బిల్లుల గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శి గారు నన్ను ఒక మోటారు సైకిలు గురించి చెప్పమన్నారు. నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేరి అక్కడే రిటైరైన వాణ్ణి. చేతిలో స్పానరు లేకుండా ఇంతసేపు నిలబడి మాట్లాడటం నాకు అలవాటు లేదు. కొంచెం అటూ ఇటూ పోతే మన్నించండి.

విషయం ఇది. మన సంఘ సభ్యులొకరు, నాకు 40 ఏళ్ళ మిత్రులు, ఆ మధ్య కాలం చేశారు. వారి ఇంటి వెనక పశువుల కొట్టంలో 1973 నాటి బుల్లెట్టు 350 బండి ఒకటి పడి ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఆయన దాని మీదనే మార్కాపురం, తర్లుపాడు, కంభం, బేస్తవారిపేట తిరిగారు. గత 20 ఏళ్ళుగా అది కదలలేదు. సీటు కింద కోళ్ళు గుడ్లు పెట్టాయి. కొడుకేమో తూకానికి పాత ఇనుప కొట్టుకు వేసేద్దామన్నాడు. బెంగళూరులో చదివే మనవడు, "వద్దు నాయనా, నేను దాన్ని కస్టమ్ బైకు చేసుకుంటా" అన్నాడు. వదినమ్మ ఇద్దరి మాటా విని ఊరకున్నారు. తగువు తీర్చమని నన్ను పిలిపించారు.

కస్టమ్ బైకు అంటే ఏమిటో ఆ అబ్బాయి ఫోనులో బొమ్మలు చూపించాడు. వెనక మడ్‌గార్డు లేదు. సీటు ఒక మనిషికే. హ్యాండిలు కిందికి వంగి ఉంది. వెనక ఫ్రేము జానెడు కోసేశారు. ఇది కొత్త వింత కాదు. 1950, 60లలో లండనులో ఏస్ కేఫ్ అనే హోటలు దగ్గర చేరే కుర్రవాళ్ళు బండ్లను ఇలాగే తేలిక చేసి పందేలు వేసుకునేవారు. నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజను బిగించి దానికి ట్రైటన్ అని పేరు పెట్టుకున్నారు.

మన వయసు వాళ్ళకు ఇంకా నచ్చే కథ న్యూజిలాండులో ఉంది. బర్ట్ మన్రో అనే ఆయన 1920లో ఒక మోటారు సైకిలు కొన్నాడు. దాని పేరు ఇండియన్ స్కౌట్. పేరే ఇండియన్, తయారీ అమెరికా. కొన్నప్పుడు గంటకు 55 మైళ్ళు పోయేది. ఆయన దాన్ని నలభై ఏళ్ళకు పైగా మార్చుతూనే ఉన్నాడు. పిస్టన్లు కూడా పాత డబ్బాల్లో సొంతంగా పోత పోసుకునేవాడు. 1967లో, 68 ఏళ్ళ వయసులో, అమెరికాలో బాన్‌విల్ ఉప్పు మైదానం మీద గంటకు 183 మైళ్ళ పైచిలుకు వేగంతో తన తరగతిలో రికార్డు పెట్టాడు. మన లెక్కలో దాదాపు 295 కిలోమీటర్లు. రిటైరైన వాళ్ళు పురాణ కాలక్షేపమే చేయాలని ఎక్కడా లేదు! అయితే ఆయన తోలింది ఎదురు బండి లేని ఉప్పు మైదానంలో. మనవాడు తోలాలనుకుంటున్నది దోర్నాల నుండి శ్రీశైలం పోయే ఘాటు రోడ్డు మీద. అందుకే స్పానరు పట్టుకునే ముందు కాగితాలు తీయమన్నాను.

కాగితాల సంగతి వివరంగా చెబుతాను, ఇది మీ అందరికీ పనికొచ్చేది. ఆర్.సి. పాత పుస్తకం పెట్టెలో దొరికింది. అది దొరకకుంటే నేను ఆ పని ఒప్పుకునేవాణ్ణి కాదు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇంకా పాత బండి ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకు ముందు మన మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. అప్పటి బండి అయితే వెతకడం కర్నూలు నుండి మొదలు పెట్టాలి. ఇక యజమాని పోతే వారసులు 30 రోజుల్లోగా రిజిస్టరు చేసే అధికారికి తెలియపరచి, 3 నెలల్లోగా ఫారం 31 మీద బదిలీ కోరాలి. పెన్షనుకు నామినీ రాస్తాము, బ్యాంకు ఖాతాకు రాస్తాము. 2021 నుండి బండి ఆర్.సి.లో కూడా నామినీ పేరు రాయించుకునే వీలు వచ్చింది. ఈ మాట మనలో చాలామందికి తెలియదు. ఇంట్లో స్కూటరున్నా సరే, రాయించండి. ఇక్కడ కొడుకు, కూతుళ్ళు అందరూ ఒప్పుకొని బండిని వదినమ్మ పేరుకు మార్చారు.

సొంతానికి వాడే బండికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళే. ఆ తర్వాత బండిని చూపించి 5 ఏళ్ళకోసారి పొడిగించుకోవాలి. మనమూ ఏటా బ్రతికే ఉన్నామని ట్రెజరీకి కాగితం ఇవ్వడం లేదా? బండికి కాస్త నయం, అయిదేళ్ళు గడువిస్తారు.

ఇప్పుడు అసలు చిక్కు. 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి నిబంధనలు తెచ్చింది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000. పదేళ్ళు చెల్లుతుంది. నంబరులో 'వి.ఎ.' అక్షరాలు వస్తాయి. కానీ బండి మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, ఇంజను, బాడీ పెద్దగా మార్చి ఉండకూడదు. పైగా దాన్ని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. మామూలు రిజిస్ట్రేషను పొడిగించుకుంటే రోజూ తిప్పవచ్చు. అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ వారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

అంటే అబ్బాయి చూపిన బొమ్మ ప్రకారం ఫ్రేము కోస్తే ఆ బండి వింటేజికీ పనికిరాదు, మామూలు రోడ్డుకూ పనికిరాదు. ఈ మాట చెబితే వాడి మొహం చిన్నబోయింది. "తాతా, ఒంటి సీటన్నా పెట్టుకోనీ" అన్నాడు. ఆర్.సి. తీసి చూపించాను. కూర్చునేవారి సంఖ్య 2 అని రాసి ఉంది. అప్పటి దాకా నోరు మెదపని వదినమ్మ, "ఆ రెండో మనిషిని నేనేరా అబ్బీ. పెళ్ళయిన కొత్తలో దాని మీదే శ్రీశైలం పోయొచ్చినాము" అన్నారు. ఒంటి సీటు ఊసు అంతటితో పోయింది. పాత ఇనుప కొట్టు ఊసు కూడా.

ఇక పనిలోకి వద్దాం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. తొలుత ఇంగ్లండు నుండి విడిభాగాలు తెప్పించి బిగించేవారు, పోను పోను అన్నీ ఇక్కడే తయారుచేశారు. ఇంగ్లండులోని అసలు కంపెనీ 1970 ప్రాంతంలో మూతబడింది. మనది మాత్రం నిలిచింది. కాబట్టి ఈ బండికి సామాను దొరకదన్న భయం లేదు. చెన్నై పుదుపేటలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో వెతికితే ఏదో ఒక కొట్టులో ఉంటుంది.

కొట్టంలో పడి ఉన్న బండిని పట్టుకోగానే చేయవలసిన మొదటి పని కడగడం కాదు, నంబర్లు చదవడం. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిపోవాలి. తుప్పు పట్టిందని నంబరు మీద గ్రైండరు పెడితే నంబరే పోతుంది, ఆ తర్వాత ఎవరికీ జవాబు చెప్పలేము. కిరసనాయిలు గుడ్డతో నిదానంగా తుడవాలి. మన మెట్ట ప్రాంతంలో ఒక మేలుంది. గాలిలో తేమ తక్కువ. అదే బండి చీరాల సముద్రపు గాలికి 20 ఏళ్ళు ఉండి ఉంటే ఫ్రేములో సగం రాలిపోయేది.

ఇంజను పట్టేసి ఉంది. కిక్ రాడ్డు దిగలేదు. దాని మీదికెక్కి తొక్కడం, సుత్తితో కొట్టడం చేయకూడదు. ప్లగ్గు ఊడదీసి ఆ రంధ్రంలో డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి వారం రోజులు వదిలేశాము. ఎనిమిదో రోజు పిస్టను కదిలింది. విప్పి చూస్తే బోరు అరిగి ఉంది. లేత్ షాపులో బోరు కొట్టించి పైసైజు పిస్టను వేశాము. ఈ ఇంజను బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. నడక పొడవు కనుకనే ఆ దబ్ దబ్ శబ్దం, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బలం.

క్రాంకు బిగించడానికి నేను బుల్లెట్టు మెకానిక్ కోసం వెతకలేదు. కంభం వైపు బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసిన ఒక పెద్దాయనను పిలిచాను. కరెంటు మోటార్లు రాక ముందు మన పల్లెల్లో నీళ్ళు తోడింది ఆ ఇంజన్లే కదా. ఒకటే సిలిండరు, బరువైన ఫ్లైవీలు, స్టార్టు చేయడానికి డీకంప్రెషను మీట. బుల్లెట్టుకూ అంతే, ఇది పెట్రోలుది, అది డీజిలుది. పెద్దాయన మూత తీసి చూసి, "ఇది మన బావి ఇంజనే గదయ్యా, చక్రాలు తగిలించినారు" అన్నాడు. కనెక్టింగ్ రాడ్డులో ఉండే ఫ్లోటింగ్ బుష్షును ఆయన చేతివేళ్ళతో తిప్పి చూసి సందు ఎంతుందో చెప్పాడు. తర్వాత మేము కొలిచి చూస్తే ఆయన చెప్పిందే సరి. ఆయనకు 80 దాటాయి. ఆ పని నేర్చుకున్న వాళ్ళు ఆయన దగ్గర ఒక్కరూ లేరు.

బ్రేకుల దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. పాత డ్రమ్ము బ్రేకులవి. డ్రమ్ములు లేత్ మీద సమం చేయించి, లైనర్లు, కేబుళ్ళు అన్నీ కొత్తవి వేశాము. ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ కాలపు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును నోటితో ఊదకండి, గాలి గొట్టంతో కొట్టకండి. తడిగుడ్డతో తుడిచి పారేయండి. గ్యారేజీల్లో మా తరం అంతా ఊదిన వాళ్ళమే, ఎవరూ మాకు చెప్పలేదు.

పెట్రోలు గొట్టాలు, రబ్బరు వాషర్లు అన్నీ మార్చాము. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తోంది. పాత రబ్బరు దానికి ఆగదు, మెత్తబడి పగులుతుంది. ఇథనాలు తేమను కూడా లాగుతుంది. బండిని నెలల తరబడి ఆపేటట్లయితే ట్యాంకు ఖాళీ చేయాలి. ట్యాంకులోని తుప్పుకు యాసిడ్ పోయలేదు, రేకు పలచనైన చోట బొక్కలు పడతాయి. పాత నట్లు, డీజిలు పోసి మూత బిగించి అబ్బాయి చేత గంటలకొద్దీ ఊపించాను. బెంగళూరులో జిమ్ముకు డబ్బు కడుతున్నాడట, ఇక్కడ ఉచితం.

మరి కస్టమ్ ఏమైంది అంటారా? ఫ్రేము, ఇంజను, సీట్ల లెక్క, సైలెన్సరు ముట్టుకోకుండా చేయగలిగినంత చేశాము. సీటు రెండు మనుషులదే, కానీ పొడవు కొలిచి మార్కాపురంలో తోలుతో కొత్తగా కుట్టించాము. వదినమ్మ ఎక్కడానికి వీలుగా మెత్త కొంచెం పలచన చేయించాము. రంగు పలక రంగు కావాలన్నాడు, మన మార్కాపురం పలక రంగు. ఆర్.సి.లో నలుపు అని ఉంది, రంగు మారిస్తే అదీ రాయించాలి. కనుక నలుపే ఉంచి, ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో గీయించాము. గీసినాయన ఒకప్పుడు షాపుల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచె మూలకు పడింది. అరగంటలో రెండు గీతలు గీశాడు, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. నా దృష్టిలో ఆ బండి మీద ఉన్న అసలైన కస్టమ్ పని అదే.

స్టార్టు చేయడం వేరే చదువు. కిక్ రాడ్డు నెమ్మదిగా నొక్కుతూ అమ్మీటరు ముల్లు మధ్యకు రాగానే ఆపాలి. డీకంప్రెషన్ మీట పట్టి ఇంకొంచెం దించి, మీట వదిలి, రాడ్డును పైకి రానిచ్చి అప్పుడు నిండుగా తొక్కాలి. తొందరపడితే ఎదురు తన్ను తింటాము. ఇంకా ముఖ్యమైంది, ఈ బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. ఇప్పటి బండ్లు తోలిన కాలు ప్రమాదం ఎదురైతే కుడి వైపు నొక్కుతుంది, అక్కడ బ్రేకు ఉండదు. అందుకని అబ్బాయిని పది రోజులు పెరట్లో, తర్వాత మార్కాపురం రోడ్డు రైల్వే స్టేషను దాకా పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద తోలించాను. మనసు ఆలోచించక ముందే ఎడమకాలు కదిలితేనే ఘాటుకు అనుమతి. ఘాటు దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టకుండా గేరు తగ్గించి ఇంజను పట్టు మీద దిగడం కూడా నేర్పాను. వేడెక్కిన డ్రమ్ము పట్టదు. పులుల అభయారణ్యం కనుక రాత్రిపూట ఆ దారి మూసేస్తారు, అది ఒకందుకు మంచిదే.

రిజిస్ట్రేషను పొడిగింపు తనిఖీకి వచ్చే నెల తేదీ ఇచ్చారు. బీమా కట్టాము. రెండు హెల్మెట్లు కొన్నాము. వదినమ్మ హెల్మెటు పెట్టుకొని అద్దంలో చూసుకొని నవ్వారట, మనవడు ఫోను చేసి చెప్పాడు. తనిఖీలో నెగ్గితే మొదటి ప్రయాణంలో వెనక కూర్చునేది ఆమే. కొడుకు మాత్రం ఇంకా, "అమ్మా, కారులో పోదాంలే" అంటున్నాడు. ఆ తగువులో నేను తలదూర్చను.

చివరగా సభ్యులకు ఒక విన్నపం. ఈ పాత బుల్లెట్ల నట్లు ఇంగ్లీషు కొలతలవి. మామూలు మిల్లీమీటరు స్పానర్లు సరిగా కూర్చోవు, నట్టు మూలలు అరిగిపోతాయి. పాత ఆయిల్ ఇంజన్లతో వచ్చిన విట్‌వర్త్ స్పానర్లు మీలో కొందరి ఇళ్ళలో అటక మీద తప్పక ఉంటాయి. నా సెట్టులో రెండు సైజులు లేవు. తనిఖీ తేదీ దాకా అరువిస్తే వాడుకొని, తుడిచి, నూనె రాసి తిరిగి ఇస్తాను.