కాగితపు మిల్లు నీటి నుండి మట్టిలో కలిసే ప్లాస్టిక్
(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



రాయగడ వాసులమైన మనకు కాగితపు మిల్లు కొత్త కాదు. 1962లో జేకేపూర్‌లో అది ప్రారంభమైన నాటి నుండి దాని జీతంతో చదువుకున్న పిల్లలు మన బడిలో ఎందరో ఉన్నారు. ఇక్కడ పారే నాగావళి దిగువన తోటపల్లి వద్ద పొలాలకు నీరిచ్చి, శ్రీకాకుళం దాటి సముద్రంలో కలుస్తున్నది. మన వియ్యాలవారు, మేనమామలు ఆ గట్ల మీదనే ఉన్నారు. కనుక మిల్లు వాడిన నీటిని ఏమి చేయవచ్చుననేది మనకు ఇంటి ప్రశ్నయే.

కర్రలో కాగితానికి పనికివచ్చేది సెల్యులోజు పీచు. దానిని జిగురువలె పట్టి ఉంచేది లిగ్నిన్. కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు ద్రావణంలో కర్రముక్కలను ఉడికించినప్పుడు లిగ్నిన్ కరిగి నల్లని ద్రవంగా వేరవుతుంది. ఇదే వ్యర్థమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ద్రవాన్ని చిక్కబరచి, బాయిలరులో మండించి, ఆవిరిని, రసాయనాలను తిరిగి రాబట్టుకుంటారు. అసలు చిక్కు మిగిలిన మురుగునీటితో. అందులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులకు మేపి శుద్ధి చేస్తారు. వాటికి గాలి అందించడానికి విద్యుత్తు కావాలి. చివరకు మడ్డి మిగులుతుంది.

ఈ మేపడంలోనే ఒక ఉపాయం ఉన్నది. కొన్ని బాక్టీరియాలు ఆహారం దండిగా ఉన్నప్పుడు దానిని కణంలో గుళికలుగా దాచుకుంటాయి. మారిస్ లెమోయిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1926లోనే ఈ పదార్థాన్ని వర్ణించారు. అది కరిగించి అచ్చుపోయదగిన ప్లాస్టిక్. పాలీహైడ్రాక్సీఆల్కనోయేట్ల కుటుంబానికి చెందినది.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు కాగితపు మిల్లు మురుగునీటిని మొదట పులియబెట్టి సేంద్రియ ఆమ్లాలుగా మార్చారు. తరువాత బాక్టీరియాలకు కొంతసేపు విందు, కొంతసేపు పస్తు పెట్టారు. వేసవిలో వడియాలు, ఊరగాయలు పెట్టుకున్న ఇల్లాలికి వానాకాలంలో దిగులుండదు కదా! అట్లే దాచుకున్నవి బ్రతికి వృద్ధి చెందాయి, తక్కినవి తగ్గిపోయాయి. ఆ విధంగా ఎన్నికైన బాక్టీరియాల ఎండు బరువులో 77 శాతం వరకు, అదీ సుమారు 5 గంటలలో, ప్లాస్టిక్ చేరిందని 2012లో ప్రకటించారు. తెలుగు మాధ్యమంలో సైన్సు ఎలా వంటబడుతుందని నన్నడిగే తల్లిదండ్రులు గమనించగలరు: ఊరగాయ జాడీ నెరిగిన మా పదవ తరగతి పిల్లలకు ఇది ఒక్క పీరియడులో బోధపడినది.

అయితే ప్రయోగశాల వేరు, కర్మాగారం వేరు. కణాలను పగులగొట్టి గుళికలను శుభ్రంగా తీయడం ఖర్చుతో కూడిన పని. 1990లో జర్మనీలో ఈ జాతి ప్లాస్టిక్‌తో షాంపూ సీసాలు అమ్మకానికి వచ్చినా, నూనె నుండి చేసిన ప్లాస్టిక్ చవక కావడం వలన అవి నిలదొక్కుకోలేదు. మట్టిలో కలుస్తుందన్న మాటకు కూడా హద్దున్నది. వెచ్చదనం, తేమ, సూక్ష్మజీవులు ఉన్నచోట అది కుళ్లుతుంది. చల్లని నీటిలో చాలాకాలం పడుతుంది. కనుక దీనితో చేసిన సంచిని నాగావళిలో విసరవచ్చునని ఎవరూ భావించరాదు.

మిల్లులో పనిచేయుచున్న పూర్వ విద్యార్థులకు ఒక విన్నపము. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నీటి శుద్ధి తొట్లను ఒకసారి చూపించే ఏర్పాటు చేయండి. ప్రశ్నలు వారు ముందే వ్రాసి ఉంచారు.