ఇచ్చుట – దగ్గరకు వచ్చుట
(రెడ్డిగూడెం సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



పరోపకారమనగానే మనకు ఇచ్చే చెయ్యి జ్ఞాపకము వస్తుంది. అయితే ఇచ్చినంత మాత్రాన దగ్గరైనట్లు కాదు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో అజరయ్యగారు మిషనరీల ఎదుట ఈ సంగతే ధైర్యముగా చెప్పారు. వారి త్యాగమును, దానమును మెచ్చుకొని, మాకు స్నేహితులు కూడ కావాలని అడిగారు. 1912లో ఆయనే దోర్నకల్ బిషప్పుగా, భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు తీశాక మేము అన్నం పొట్లాలు తీసుకొని వెళ్లాము. ఒక ముసలమ్మ పొట్లం అందుకొని, "అయ్యగారూ, కాసేపు కూర్చోండి" అన్నది. ఇంకా చాల పొట్లాలు మిగిలియున్నవి. నేను నిలబడే ప్రార్థన చేసి వచ్చేశాను. ఆ మాట నన్ను నేటికీ వదలలేదు.

మంచి సమరయుని చూడండి. అతడు రెండు దేనారములు ఇచ్చినది మరునాడు. అంతకుముందే దగ్గరకు వచ్చి, గాయములు కట్టి, తన వాహనముమీద ఎక్కించుకొని, పూటకూళ్ల యింట పరామర్శించాడు. డబ్బు చివర వచ్చింది; మనిషి ముందు వచ్చాడు.

ప్రియులారా, ఈ వారము కష్టములోనున్న ఒక ఇంటికి వెళ్లండి. ఏమి తీసుకువెళ్లినా సరే, కాసేపు కూర్చొని రండి. ఆమేన్.