దిబ్బలూ గుళ్లూ: తెనాలి నుంచి ఒక రోజు యాత్ర

తెనాలిలో పొద్దున్నే కారెక్కితే చీకటి పడేలోగా రెండువేల ఏళ్లకు పైబడిన చరిత్రను చుట్టి రావచ్చు. రేపల్లె దారిలో భట్టిప్రోలు, రేపల్లెలో భోజనం, ఆ తర్వాత చందవోలు, బాపట్ల, తిరుగు దారిలో పొన్నూరు మీదుగా చేబ్రోలు. ఈ సమావేశానికి ఇచ్చిన అంశం యాత్రాసాహిత్యం. యాత్రారచయిత ఏనుగుల వీరాస్వామయ్య కాలం నుంచీ తెలుగువాళ్లు దూరపు యాత్రల గురించి రాసినంత ఇష్టంగా పొరుగూరి గురించి రాయలేదు. అందుకని అంశాన్ని కాస్త ఇటు తిప్పటం తప్పు కాదు.

ఇందాక ఈజిప్టు వెళ్లొచ్చిన శ్రోత ఒకరు, లక్సర్‌లో ఒక్క రోజులో సమాధులూ గుళ్లూ అన్నీ చూపించారనీ, మన దగ్గర మట్టిదిబ్బ తప్ప ఏముందనీ అన్నారు. ఆ మాటను ఊరికే వదిలేయకూడదు. లక్సర్‌లో నైలు పడమటి ఒడ్డున రాజుల లోయ, హత్షెప్సుత్ గుడి, తూర్పు ఒడ్డున కర్ణాక్ చూపిస్తారు. 1922లో హోవర్డ్ కార్టర్ తెరిచిన తుతన్‌ఖామున్ సమాధిలో ఇప్పుడున్నవి రాజు మమ్మీ, రాతి పెట్టె, గోడల మీది బొమ్మలు. బంగారు ముసుగుతో సహా సొమ్మంతా కైరో చేరింది. అయినా జనం క్యూ కడతారు. అక్కడ లేనిదాన్ని కూడా కళ్లకు కట్టించే గైడు ఉంటాడు.

భట్టిప్రోలు స్తూపం ఒక విధంగా సమాధే. బుద్ధుడి ధాతువు (శరీర అవశేషం) మీద కట్టిన ఇటుక కట్టడమది, అడుగున 148 అడుగుల వ్యాసం. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా కాలువలు తవ్వారు. లాకులకు రాయి కావాలి, రోడ్లకు ఇటుక కావాలి. స్తూపం పాలరాయి వెల్లటూరు లాకుల్లోకి, ఇటుకలు రోడ్ల కిందికి పోయాయి. పంటకు నీళ్లిచ్చినవాళ్లే స్తూపాన్ని పడగొట్టారు. ఈ నిజాన్ని డెల్టా రైతుబిడ్డలు కాస్త ఇబ్బందిగానే వినాలి.

1892లో మద్రాసు పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ వచ్చేటప్పటికి పైభాగం చాలామటుకు లేదు. కానీ దోచినవాళ్లు అడుగు దాకా పోలేదు. రీ స్తూపం నడిమధ్యన కిందికి తవ్వించుకుంటూ పోతే, ఒకదాని కింద ఒకటిగా మూడు రాతి కరండాలు (ధాతువుంచే పెట్టెలు) దొరికాయి. లోపల స్ఫటికపు బరిణె, బంగారు పూలు, పూసలు, ముత్యాలు, ధాతువు. కరండాల మీద ప్రాకృతంలో శాసనాలు. కుబిరకుడనే రాజు పేరు, దానమిచ్చిన ఒక కుటుంబంలోని తల్లిదండ్రుల, కొడుకు ప్రస్తావన, గోష్ఠి (సంఘం) సభ్యుల జాబితా వాటిలో ఉన్నాయి. 1894లో లిపి పండితుడు బ్యూలర్ వీటిని ప్రకటించాడు. ఈ లిపిలో ఒక వింత ఉంది. మామూలు బ్రాహ్మిలో ఏ గుర్తూ లేని హల్లు అకారంతో పలుకుతుంది, ఇక్కడ అకారానికి కూడా గుర్తు పెట్టారు. తెలుగు లిపి ఇక్కడే పుట్టిందని సభల్లో తేలిగ్గా అనేస్తుంటారు. అంత సూటిగా చెప్పలేం. ఆ పద్ధతి తర్వాత నిలవలేదు, తెలుగు లిపి దక్షిణ బ్రాహ్మి నుంచి వేంగి లిపి మీదుగా నడిచి వచ్చింది.

కరండాలు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. ధాతువు 1920లో కలకత్తా వెళ్లి, మహాబోధి సొసైటీ వారి ధర్మరాజిక విహారంలో ఉంది. భట్టిప్రోలులో మిగిలింది పురావస్తు శాఖ కంచె లోపలి ఇటుకల వలయం. ఈ కథ తెలియకుండా వెళ్తే పావుగంటలో తిరిగి వచ్చేస్తారు, తెలిసి వెళ్తే పూట చాలదు.

రేపల్లెలో భోజనం తప్ప ఈ యాత్రకు పనికొచ్చేది పెద్దగా లేదు. చందవోలు వేరు. 12వ శతాబ్దంలో చాళుక్య చోళులకు సామంతులుగా తీరాంధ్రాన్ని ఏలిన వెలనాటి చోడుల రాజధాని అది. నేడది బండ్లమ్మ తల్లి ఊరుగానే ఎక్కువ మందికి తెలుసు. అక్కడి లింగోద్భవస్వామి గుడి ఆ రాజుల కాలాన్ని గుర్తుచేస్తుంది. బాపట్ల అనగానే చదువుకున్నవారికి 1913 ఆంధ్ర మహాసభ తడుతుంది. భావనారాయణస్వామి గుడిలోని చోళుల కాలపు శాసనాలకు మాత్రం అంత గుర్తింపు రాలేదు.

తిరుగు దారిలో వచ్చే చేబ్రోలుకు చందవోలు కథతో ముడి ఉంది. వెలనాటి వంశం చివరి రాజు పృథ్వీశ్వరుణ్ణి కాకతీయులు ఓడించారు. ఆ తర్వాత గణపతిదేవుడు దివిసీమ అయ్య వంశపు కుర్రవాడు జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు, అతని అక్కచెల్లెళ్లను పెళ్లాడాడు. ఆ జాయప సేనాని చేబ్రోలులో గుడి కట్టించాడు, తర్వాత నృత్తరత్నావళి అనే నృత్యగ్రంథం రాశాడు. చేబ్రోలు అంతకంటే పాతది. శాతవాహన రాజు విజయుడి కాలపు సంస్కృత శాసనం, క్రీ.శ. 207 నాటిది, అక్కడే బయటపడింది. సప్తమాతృకల గుడి ప్రస్తావన అందులో ఉంది. చెరువు నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి మాత్రం అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించినది.

లక్సర్‌లో గైడు చేసే పనిని ఇక్కడ ఒక పలకైనా చేయగలదు. భట్టిప్రోలు స్తూపం దగ్గర మూడు కరండాల నకళ్లూ, శాసనాల పాఠమూ, ధాతువు ఎక్కడుందో చెప్పే తెలుగు పలకా పెట్టించటం పెద్ద ఖర్చు పని కాదు. సంక్రాంతికి ఊరొచ్చే ప్రవాస సంఘాలవారు పురావస్తు శాఖతో మాట్లాడి ఈ పని మొదలుపెట్టాలి.