ఏకాభిప్రాయం రాకముందే ఏకమైనవారు



బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి స్మృతిలో మాట్లాడమన్నారు. ఆయన పేరెత్తగానే మనం కొన్ని సంగతులు తడుముకోకుండా చెప్పేస్తాం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడు. దోర్నకల్లు దేవాలయాన్ని ఈ దేశపు కట్టడాల పోకడలతో కట్టించినవాడు. ఇవన్నీ మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను. విశ్వాస విషయంలో తమతో ఏకీభవించని వాళ్లతో ఆయనా ఆయన సాటివారూ ఏళ్ల తరబడి ఎలా మాట్లాడారో, ఆ కథ చెబుతాను.

ముందు మన శాఖా భేదాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడాలి. ఒకరి ప్రాంతంలోకి మరొకరు రాకూడదని మిషన్లు జిల్లాలనూ తాలూకాలనూ పంచుకున్నాయి. అందువల్ల గుంటూరు వైపు కూలీ క్రైస్తవుడైతే లూథరన్ అయ్యాడు, ఒంగోలు వైపు బాప్టిస్టు అయ్యాడు. కడప వైపు లండన్ మిషన్, మెదక్‌లో వెస్లియన్, దోర్నకల్లు చుట్టుపక్కల ఆంగ్లికన్. లూథర్‌నూ వెస్లీనీ చదివి, తూచి ఎంచుకున్నవాడు వీళ్లలో ఎవడూ లేడు. ఆ ఊళ్లోకి ముందు ఏ దొర వస్తే ఆ దొర శాఖే అతని శాఖ. రెండు తరాలు తిరిగేసరికి అతని మనవడు అదే శాఖ కోసం పక్క తాలూకావాడితో తగువుపడుతున్నాడు! నా విశ్వాసంలో వాక్యం నుంచి వచ్చిందెంత, మిషన్ల సరిహద్దు గీత నుంచి వచ్చిందెంత అని ఎవరికి వారు ఒక్కసారి అడిగి చూసుకోవాలి. ఆ ప్రశ్న వేసుకోనివాడితో చర్చ సాగదు.

ఒక్క మాట పక్కకు జరిగి చెబుతాను. బిషప్పులు, కమిటీలు కలవకముందే మన పాటలు కలిసిపోయాయి. కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు బాప్టిస్టు. ముంచి ఇచ్చేదే బాప్తిస్మమని నమ్మే శాఖవారు. ఆయన కీర్తనలను చిలకరింపు బాప్తిస్మం పొందినవాళ్లు తరతరాలుగా గొంతెత్తి పాడుతూనే ఉన్నారు. పాడేటప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేసరికే లెక్కలు మొదలయ్యాయి.

1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో 33 మంది సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. 1706లో తొలి ప్రొటెస్టెంటు మిషనరీలు దిగిన రేవు అది. అజరయ్యగారూ, దక్షిణ భారత ఐక్య సంఘానికి చెందిన సంతియాగోగారూ అక్కడ ముందు నిలిచారు. ఈ విభజనలు మేం చేసుకున్నవి కావు, బయటి నుంచి వచ్చి మా మీద పడినవి అని ఆ సభ ప్రకటించింది. ధైర్యమైన మాటే. అయితే అసలు కష్టం ఆ ప్రకటన తర్వాతే మొదలైంది.

శాఖలు కలిసి ఒకే సంఘం కావాలని చర్చలు సాగాయి. చిక్కుముడి పాస్టర్ల అభిషేకం దగ్గర పడింది. అపొస్తలుల కాలం నుంచి బిషప్ తర్వాత బిషప్‌గా వచ్చిన వరుసలోనివారు చేతులుంచితేనే గురువు అవుతాడని ఆంగ్లికన్ల నమ్మకం. సంఘం పిలుపూ, దేవుని పిలుపూ ఉంటే చాలునని కాంగ్రిగేషనల్ వారి నమ్మకం. ముప్ఫై ఏళ్లు బాప్తిస్మాలిచ్చి, బల్ల నిర్వహించిన మెథడిస్టు పాస్టరును మళ్లీ అభిషేకం పొందమంటే ఇన్నాళ్లూ నువ్వు చేసిందంతా చెల్లదని చెప్పినట్టే. అడగకుండా ఒప్పుకుంటే ఆంగ్లికన్ మనస్సాక్షికి దెబ్బ. రెండు పక్షాలవారూ నిజాయితీపరులే. అందుకే అది అంతకాలం తెగలేదు.

చివరికి దొరికిన దారి చూడండి. కొత్త సంఘంలో బిషప్పులుంటారు. బిషప్ పదవి అంటే ఏమిటన్నదానికి ఒకే ఒక వ్యాఖ్యానాన్ని ఎవరి మీదా రుద్దరు. అప్పటికే సేవలో ఉన్న పాస్టర్లందరినీ తిరిగి అభిషేకించకుండానే స్వీకరిస్తారు. ఇక మీదట జరిగే అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగానే జరుగుతాయి. ఏ స్థానిక సంఘం మీదికీ దాని మనస్సాక్షి ఒప్పని పాస్టరునుగానీ ఆరాధన క్రమాన్నిగానీ పంపరు. దీన్నే ప్రతిజ్ఞ అన్నారు. నా దృష్టిలో ఆ కొత్త సంఘపు రాజ్యాంగానికి ప్రాణం అదే. ఎదుటివాడి చేత నా కారణాలు ఒప్పించకుండానే అతనితో కలిసి బతకగలనని ఒప్పుకోవడం మాటల్లో తేలిక, నియమావళిలో రాసుకోవడం కష్టం. బిషప్ పదవిలో ఉండి ఈ బేరానికి కూర్చున్న అజరయ్యగారు తన పదవికున్న అర్థాన్నే చర్చకు పెట్టారు.

ఆయన ఫలితం చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్లులో కన్నుమూశారు. ఆ నెలలోనే ఆంగ్లికన్ జనరల్ కౌన్సిల్ ఈ ఐక్యతా పథకాన్ని ఆమోదించింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ భారత సంఘం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలే అయింది.

దీన్ని కాదన్నవాళ్లను చిన్నచూపు చూడకండి. కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ పథకానికి వ్యతిరేకంగా ఏకంగా ఒక చిన్న పుస్తకమే వేశాడు. అస్పష్టమైన మాటల చాటున అసలు విభేదాలను దాచేస్తున్నారన్నది ఆ పక్షం ఆరోపణ. అందులో పస లేదని నేననను. వ్యాఖ్యానం వదిలేయడం ఒక్కోసారి వినయం, ఒక్కోసారి దాటవేత. రెంటినీ విడదీయడానికి నాకు తెలిసిన గుర్తు ఒక్కటే, చర్చ ఆగిందా సాగిందా అన్నది. ఇక్కడ ఇరవై ఎనిమిదేళ్లు సాగింది, ఏర్పాటయ్యాక లూథరన్లతోనూ సాగింది. ఇంగ్లండు సంఘమైతే 1955 దాకా ఈ కొత్త అభిషేకాలను గుర్తించడానికి తటపటాయించింది.

మన గడ్డ మీదే నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది 1947లో చేరలేదు. తాత ముత్తాతలు అప్పగించిన విశ్వాసానికి ఇది నష్టమని వాళ్లు నమ్మారు. 1963లో విడిగా అధ్యక్ష మండలం అయ్యారు. 1970ల్లో దక్షిణ భారత సంఘంలోకి వచ్చారు. మనం రాసుకున్న ఐక్యత చరిత్రల్లో వాళ్లకు దక్కింది ఒకటి రెండు వాక్యాలు, అవీ మొండివాళ్లన్న ధ్వనితో. కలిసినవాళ్లు రాసిన చరిత్రలో కలవనివాళ్ల గొంతు లేకపోతే అజరయ్యగారు నేర్పిన పాఠం మనకు రానట్టే.

ఈ సభలో నంద్యాల వైపు నుంచి వచ్చినవారుంటే వారికో మనవి. మీ గుళ్లలోని పాత రిజిస్టర్లు, పెద్దల ఉత్తరాలు, అప్పటి కమిటీ తీర్మానాలు చెదలు పట్టకముందే పోగుచేయండి. ఎందుకు చేరలేదో మీ పెద్దల మాటల్లోనే రాయండి. వచ్చే ఏటి స్మారకోపన్యాసానికి మీలో ఒకరినే పిలవమని నిర్వాహకులను కోరుతున్నాను.