ఒకరోజు స్టార్టయి, ఒకరోజు మొండికేసే పాత కారు
(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి ఉదయం నుంచి పెద్దలు చాలా విషయాలు చెప్పారు. ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి కనుక పాత కార్ల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. మనలో చాలామంది దగ్గర ఉన్నవి పదవిలో ఉండగా లోను పెట్టి కొన్నవో, రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో కొన్నవో. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కూడా 2014 జనవరితో ఆగింది. ఫియట్ అని మనం పిలుచుకున్న ప్రీమియర్ పద్మిని అంతకన్నా చాలా ముందే వెళ్ళిపోయింది. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నడుపుతున్నాం. పిల్లలేమో ఊళ్ళో ఉండరు. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే ఆ బండి స్టార్టు అవుతుందా లేదా అన్నది మనకు చిన్న విషయం కాదు.

పూర్తిగా చెడిపోయిన బండి గురించి నేను చెప్పబోవడం లేదు. దాన్ని బాగుచేయడం తేలిక. ఈ రోజు స్టార్టయి, రేపు కాకుండా, ఎల్లుండి మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండి గురించి చెబుతాను. ఇది డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే జ్వరం లాంటిది. షెడ్డుకు తీసుకెళ్తాం, అక్కడ తాళం తిప్పగానే బంగారంలా స్టార్టవుతుంది. "బాగానే ఉంది కదా సార్, ఎందుకైనా మంచిది, బ్యాటరీ మార్చేద్దాం" అంటాడు మెకానిక్. బ్యాటరీ మారుతుంది, రోగం మాత్రం మారదు. మరమ్మతు కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. బండి మొండికేసిన ఆ నిమిషంలో ఏం జరిగిందో మనమే చూసి రాసుకోవాలి. అప్పుడు అక్కడ ఉండేది మనమే, మెకానిక్ కాదు.

పాత డైరీ ఒకటి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. పొద్దున్న చల్లటి ఇంజనుకా, నడిచి ఆగిన వేడి ఇంజనుకా? వాన పడిందా? బండి ఎన్ని రోజులు కదలకుండా ఉంది? తాళం తిప్పినప్పుడు ఏ చప్పుడు వచ్చింది? ఈ నాలుగూ రాయండి చాలు. నాలుగైదు సార్లు రాసేసరికి రోగం తన పేరు తానే చెబుతుంది.

వీటన్నిటిలో ముఖ్యమైనది చప్పుడు. సెల్ఫ్ మామూలుగా గిర్రున తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోకపోతే బ్యాటరీని, సెల్ఫ్ మోటారును వదిలేయండి. అప్పుడు వెతకవలసినది పెట్రోలు దగ్గర, లేదా ప్లగ్గులకు వెళ్ళే కరెంటు దగ్గర. సెల్ఫ్ మూలుగుతూ తిరిగినా, ఒక్క 'టక్' అని ఆగిపోయినా, అసలు నిశ్శబ్దంగా ఉన్నా పెట్రోలు జోలికి పోవద్దు, కార్బురేటరు విప్పనివ్వవద్దు. ఈ ఒక్క తేడా తెలియక ఎంతమంది డబ్బు పోగొట్టుకున్నారో నేను కళ్ళారా చూశాను.

సెల్ఫ్ తిరగనప్పుడు హెడ్‌లైట్లు వేసి, ఇంకొకరిని ముందు నిలబెట్టి తాళం తిప్పండి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీలో బలం లేదు, లేదా దాని టెర్మినల్ వదులుగా ఉంది. ఆ పచ్చటి, తెల్లటి బూజును వేడినీళ్ళతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాసెలిన్ రాస్తే సగం కేసులు అక్కడే ముగుస్తాయి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం పలకకపోతే కరెంటు ఉంది కానీ సెల్ఫ్‌కు చేరడం లేదని అర్థం. తాళం స్విచ్చి, సోలినాయిడ్, దాని చిన్న వైరు, ఇంజను ఎర్తు, వీటిలో ఏదో ఒకటి.

ఈ ఎర్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన సభ్యులొకరికి పాత మారుతి 800 ఉంది. వారి శ్రీమతి గారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇంటి దగ్గర స్టార్టయ్యే బండి, దారిలో మందుల షాపు దగ్గర పది నిమిషాలు ఆపితే మళ్ళీ కదిలేది కాదు. 'టక్' తప్ప చప్పుడు లేదు. అరగంట తర్వాత స్టార్టయ్యేది. నాలుగు గంటల చికిత్స అయి నీరసించిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నడిరోడ్డు మీద ఆ అరగంట ఎలా గడుస్తుందో మీరు ఊహించుకోగలరు. ఒక షెడ్డులో బ్యాటరీ మార్చారు. కొన్ని వారాలు బాగుంది, మళ్ళీ మొదలు. సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్లు మార్చారు, మళ్ళీ అంతే. చివరకు ఇనుప సామాను ధరకు బండి ఇచ్చేయడానికి బేరం కుదుర్చుకున్న రోజున నాతో చెప్పారు.

ఇంజను బండికి నేరుగా ఇనుముతో అతుక్కుని ఉండదు, రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు. అందుకని బ్యాటరీ నెగటివు నుంచి ఇంజనుకు లేదా గేర్‌బాక్సుకు దారి ఉండేలా అల్లిన రాగి పట్టీనో, లావుపాటి వైరునో బిగిస్తారు. సెల్ఫ్ తీసుకునే కరెంటంతా తిరిగి ఆ దారినే రావాలి. చిన్న కారు సెల్ఫ్ కూడా 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ బోల్టు కింద తుప్పు పట్టి, ఓములో యాభయ్యో వంతు అడ్డు వచ్చినా 100 ఆంపియర్లకు 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. చల్లగా ఉన్నప్పుడు మిగిలిన బలంతో ఎలాగో తిరుగుతుంది. ఇంజను వేడెక్కినప్పుడు సెల్ఫ్ చుట్లలోనూ వైర్లలోనూ అడ్డు పెరుగుతుంది, దానికి ఈ తుప్పు తోడవుతుంది, ఇక లేవదు. కొత్త బ్యాటరీ కొన్నాళ్ళు పనిచేసినట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే. దానికి ఉన్న అదనపు బలం రోగాన్ని కప్పిపుచ్చింది.

దీన్ని పట్టుకోవడానికి వైరింగ్ విప్పనక్కరలేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు చాలు. బండి మొండికేసినప్పుడే మీటరు ఒక తీగను బ్యాటరీ నెగటివు సీసపు మొన మీద, రెండవ తీగను ఇంజను మీద రంగు లేని ఇనుము భాగంలో ఆనించి, మరొకరి చేత తాళం తిప్పించండి. అర వోల్టు లోపు చూపిస్తే ఎర్తు మంచిది. వారి బండికి 4 వోల్టులు దాటింది. మీటరు లేకపోతే జంపర్ కేబుల్ ఒకదాన్ని బ్యాటరీ నెగటివు నుంచి ఇంజను ఇనుముకు తగిలించి తాళం తిప్పండి. వెంటనే సెల్ఫ్ అందుకుంటే ఇక సందేహం అక్కరలేదు. వారి బండికి కొత్త పట్టీ వేసి, రెండు చివరలా తుప్పు గీకి బిగించాం. ఖర్చు ఆటో కిరాయి కన్నా తక్కువ. ఇంకో గుర్తు కూడా ఉంది: ఎర్తు చెడిన బండికి కరెంటు దొంగదారి వెతుక్కుని చోక్ కేబులు, యాక్సిలరేటరు కేబులు గుండా పోతుంది, అవి చేత్తో పట్టుకుంటే వేడిగా తగులుతాయి.

ఇదే మీటరుతో బ్యాటరీ కూడా చూసుకోవచ్చు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్న 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ తిరుగుతుండగా 9.5 కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి, రాకపోతే తప్పు చార్జింగులో ఉంది, బ్యాటరీని తిట్టి లాభం లేదు. మన వయసువాళ్ళ బండ్లకు ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంది. గుడికి, రైతు బజారుకు అని కిలోమీటరు నడిపి ఆపేస్తాం. స్టార్టు చేయడానికి ఖర్చయిన కరెంటు ఆ కొద్ది దూరంలో తిరిగి నిండదు. వారానికి ఒకసారైనా అరగంట ఆగకుండా నడపండి.

ఇక సెల్ఫ్ తిరుగుతూ ఇంజను అందుకోని రకం. ఎండాకాలంలో కార్బురేటరు బండ్లకు ఇది ఎక్కువ. ఇక్కడ ముక్కే పెద్ద పరికరం. ఆగిన వేడి ఇంజను దగ్గర గుప్పున పెట్రోలు వాసన వస్తే, వేడికి కార్బురేటరులో పెట్రోలు పొంగి ఇంజనులోకి ఎక్కువగా దిగిందన్నమాట. చోక్ లాగవద్దు. యాక్సిలరేటరును పంపులాగా కొట్టవద్దు, ఒక్కసారి పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ తిప్పండి. వాసనే లేకపోతే పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరై దారి మూసుకుని ఉండవచ్చు. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగడమే మందు. అంబాసిడర్ టాక్సీ డ్రైవర్లు దీన్ని ఏ పుస్తకమూ చదవకుండా చేసేవారు. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. దానికోసం తయారుకాని పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, పగుళ్ళు వస్తాయి, వాటి గుండా గాలి పీలుస్తుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు కనుక ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయించుకోండి. ఇందులో మాత్రం పిసినారితనం పనికిరాదు.

తడిగుడ్డకూ లొంగకపోతే కరెంటు వైపు చూడాలి. వేడెక్కాక చచ్చిపోయి, చల్లారాక బతికే కాయిల్, కండెన్సర్ చాలా ఉంటాయి. పాయింట్లున్న బండికి ముందు పాయింట్లే చూడాలి. అంబాసిడర్‌కు వాటి మధ్య సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యికి 15 వంతులు. పాయింట్లు పదే పదే నల్లగా కాలిపోతుంటే కండెన్సర్ మార్చండి, చవకైన వస్తువే. వానాకాలపు పొద్దుటి పూట మొండికేసే బండికి డిస్ట్రిబ్యూటర్ కప్పు తీసి లోపల పొడిగుడ్డతో తుడవండి.

ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజను ఉన్న బండ్లకు ప్లగ్గు వైరు పీకి నిప్పురవ్వ చూసే పాత పద్ధతి వద్దు, కంప్యూటరు దెబ్బతింటుంది. తాళం ఆన్ చేయగానే వెనక నుంచి రెండు క్షణాలు పెట్రోలు పంపు 'జుయ్' మనడం చాలా బండ్లలో వినిపిస్తుంది. వినిపించని రోజే బండి మొండికేస్తే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడమనండి.

సోదరీమణులు కూడా కార్లు నడుపుతున్నారు కనుక అందరికీ కలిపి చెబుతున్నాను. పరీక్ష చేసేటప్పుడు గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు పైకి ఉండాలి. చేతి ఉంగరాలు, గొలుసు వాచీ తీసేయండి. బ్యాటరీ దగ్గర సిగరెట్టు, అగ్గిపుల్ల వద్దు. విప్పేటప్పుడు నెగటివు ముందు, బిగించేటప్పుడు నెగటివు చివర. బండిని తోసి స్టార్టు చేసే పని మన వయసులో మనం పెట్టుకోకూడదు, నడుము బిల్లు ముందు సెల్ఫ్ మోటారు బిల్లు ఏపాటి!

షెడ్డుకు వెళ్ళినప్పుడు "సెల్ఫ్ మార్చు, బ్యాటరీ మార్చు" అని మనం తీర్పు చెప్పవద్దు. "వేడి ఇంజనుకు, టక్ మని ఆగుతుంది, లైట్లు తగ్గవు" అని డైరీలో ఉన్నది చదివి వినిపించండి. నాకు తెలిసిన మంచి మెకానిక్కులందరూ ఆ మాటకు చేస్తున్న పని ఆపి లేచి వచ్చినవారే. లేచి రానివాడి దగ్గర బండి వదలకండి.

భోజనాల తర్వాత నా మీటరు, ఒక జంపర్ కేబులు పట్టుకుని ఆవరణలో వేపచెట్టు కింద ఉంటాను. బండి తెచ్చుకున్నవారు ఎర్తు చూపించుకుని వెళ్ళండి. ముందుగా దూరప్రయాణం ఉన్నవారికి అవకాశం ఇద్దాం.