సున్నపు గీత వేసే రోజున ఇంటి దగ్గరుండండి



నేను సర్వే శాఖలో గొలుసు పట్టినవాణ్ణి. పొలాలకు ఎఫ్.ఎం.బి. ఉండేది. ఊరి మధ్యకొస్తే మాత్రం అంతా గ్రామకంఠమే. ఏ ఇల్లు ఎవరిదో, ఎన్ని గజాలో పటంలో కనపడదు. తాతలనాటి ఇంటికి చాలామంది దగ్గర పన్ను రసీదు తప్ప కాగితం లేదు.

2020లో కేంద్రం పల్లెల్లోని ఇళ్లకోసం స్వామిత్వ పథకం తెచ్చింది. ఆ ఏడాదే డిసెంబరు 21న రాష్ట్ర భూముల రీసర్వే మన జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే మొదలైంది. (అప్పటికింకా మనది కృష్ణా జిల్లాయే.) స్వామిత్వలో డ్రోను పని సర్వే ఆఫ్ ఇండియాది, హద్దులు చూపించడం పంచాయతీ, రెవెన్యూ, సర్వే సిబ్బంది వంతు. ముందు సున్నంతో గీత వేస్తారు. పైనుంచి తీసిన ఫొటోలో ఆ గీతే హద్దు.

తంటా ఇక్కడే. డ్రోనుకు కప్పు కనిపిస్తుంది, గోడ కనిపించదు. చూరు రెండడుగులు ముందుకుంటే ఇల్లే వీధిలోకి వచ్చినట్లుంటుంది. ఉమ్మడి గోడ సగం ఎవరిదో, చింతచెట్టు కింద పెరడు ఎందాకో దానికేం తెలుసు? మనం హైదరాబాదులో పిల్లల దగ్గరుంటే గీత పక్కింటాయన చూపినచోట పడుతుంది. మా పెరట్లో అలాగే మూరెడు ఇవతలికి పడింది. పటం చూసి అర్జీ పెడితే, టేపుతో మళ్లీ కొలిచి సరిచేశారు.

నందిగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన సోదరి, పన్ను ఇంకా మామగారి పేరనే ఉందన్నారు. ముందు వారసుల పేర్లు ఎక్కించుకోండమ్మా. పటం ఇప్పటికే తయారైన ఊళ్లవారు పంచాయతీకి వెళ్లి చూసుకోండి. అనుమానముంటే కబురు చేయండి, నా టేపు ఇంకా పనిచేస్తోంది.